మొగులెత్తుకపోయిన మొగాలు

లక్డారం వెళ్లే మలుపులో, పంక్చర్ల దుకాణం పక్కన కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎదురుగా కంటైనర్ లారీ ఒకటి మలుపు తిరగలేక అడ్డంగా నిలబడిపోవడంతో కారు ఆపి తలెత్తి చూశాను. నల్లకోటు, ఎర్ర టై, వెనక మంచుకొండలు. కోటు మీద ఉన్న తల మాత్రం కాకది. ఫ్లెక్సీలు కొట్టే చోట ఎవరో ఆయన తలను సిద్ధంగా ఉన్న కోటుకు అతికించారు. బుగ్గలకు తెలుపు పూశారు. చెవి ముందు ఉండే పులిపిరిని మచ్చ అనుకున్నారో ఏమో, చెరిపేశారు. కింద 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు.

ఆయన పోయినట్టు నాకు అప్పటిదాకా తెలియదు. ఇద్దరం కలిసి పనిచేసిన ఫ్యాక్టరీ మానేసి వేరే చోట చేరాక నేను ఈ దారిన రావడమే తగ్గిపోయింది. లారీ కదిలింది. వెనక హారన్లు మోగాయి. నేను కారు పక్కకు తీసి, ఆ పులిపిరి ఉండాల్సిన చోటును చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫ్యాక్టరీలో కూడా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మాకందరికీ కాక. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులకు చాచా. పటాన్‌చెరు దగ్గర మేము పనిచేసిన పైపుల ఫ్యాక్టరీలో ఆయన స్టోర్స్ చూసేవాడు. నేను క్వాలిటీ ల్యాబులో ఉండేదాన్ని. చేతి గ్లౌజులు కావాలన్నా, బోల్టు కావాలన్నా, బల్బు కావాలన్నా ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాల్సిందే.

"గ్లౌజులిస్త గని, ఒక పాటియ్యి" అనేవాడు.

కొత్తగా చేరినవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. "నిజమే చెప్తున్న. మీ అమ్మ ఏమన్న పాడేదా? మీ ఊర్ల పెండ్లిల ఏం పాడుతరు? జల్దీ లేదు, యాదికొచ్చినప్పుడే ఇయ్యి" అనేవాడు. గ్లౌజులు అప్పుడే ఇచ్చేసేవాడు. కానీ ఆ మాట మనిషిలో పడి ఉండేది. వారానికో నెలకో, మధ్యాహ్నం డబ్బా తినేశాక, ఎవరో ఒకరు సిగ్గుపడుతూ స్టోర్స్ తలుపు దగ్గర నిలబడేవారు. కాక వెంటనే ఫ్యాను ఆపేసేవాడు. ఫ్యాను చప్పుడు రికార్డింగులో వస్తుందని. ఎండాకాలం రేకుల కింద ఫ్యాను లేకుండా కూర్చోవడం అంటే ఏమిటో ఆ వైపు పనిచేసినవాళ్లకు తెలుసు. ఆయన చెప్పులు విప్పి, వట్టి పాదాలు సిమెంటు నేల మీద ఆనించి, ఫోన్‌ను పాడే మనిషి ముందు పెట్టి, అరచేతితో తన నోరు మూసుకునేవాడు. పాట అయ్యేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు. ఎందుకలా అని ఒకసారి అడిగితే, "నాకు పాట రాదు బిడ్డా. మంచి పాట వింటే నోరూకోదు, నడుమల దూరుతది" అన్నాడు.

పాట అయ్యాక ఇంకో పని ఉండేది. ఆ మనిషి ఫోటో తీసేవాడు. ఫోన్‌లో పాట మోగుతున్నప్పుడు తెర మీద చదరంగా ఒక బొమ్మ కనిపిస్తుంది కదా, సినిమా పాటైతే సినిమా పోస్టరు, భక్తిపాటైతే దేవుడు. ఆ చోట పాడినవాళ్ల ముఖం పెట్టేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కానీ, లావుపాటి వేలితో తెర మీద తడుముకుంటూ, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ పని అయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. అలా వందల ముఖాలు. ఫోన్ నిండిపోతోందని, పాటకు ఎక్కించిన ఫోటోను గ్యాలరీలోంచి తీసేసేవాడు. పాటలోనే ఉంది కదా అని ధీమా.

"మొగం తెల్వని పాట వింటే, ఎవరింట్లనో దర్వాజ సందుల నుంచి తొంగిచూసినట్టుంటది" అనేవాడు.

ఆ పాటలన్నిటిలో ఆయన ఎక్కువసార్లు వినేది సాయవ్వ పాట.

కాక వాళ్లది లక్డారంలో పాత పటేళ్ల ఇల్లు. పొలం చాలావరకు ఫ్యాక్టరీల ప్రహరీగోడల లోపలికి వెళ్లిపోయింది. సాయవ్వ ఆ పొలంలో వయసంతా కైకిలి కూలి చేసిన మనిషి. కాక చిన్నప్పుడు ఆయన్ను చంకన వేసుకుని తిప్పింది కూడా ఆమేనట. ఇంట్లో మిగతావాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిస్తే, ఈయన అవ్వా అనేవాడు. మిగిలిన ఒక్క మడిలో చివరిసారి నాట్లు వేసినప్పుడు ఆమెను ఒడ్డు మీద నిలబెట్టి పాడించుకున్నాడు. "మొగులు దిగె మడిలోన ఓ వదినె, మోకాళ్ల నీళ్లాయె ఓ వదినె" అని మొదలవుతుంది. ముసలి గొంతు. ప్రతి చరణం చివర ఊపిరి అందక ఒక చిన్న ఎగశ్వాస. ఆ ఎగశ్వాస వచ్చినప్పుడల్లా కాక తల ఊపేవాడు.

ఆ పాటకు పెట్టిన ఫోటోను నేనూ చాలాసార్లు చూశాను. ఫోన్ వద్దన్నట్టు బురదచెయ్యి ముందుకు చాపి నవ్వుతూ ఉంటుంది.

తరువాత కాక అల్లుడు ఆయనకు కొత్త ఫోన్ కొనిచ్చాడు. పాతది దుకాణంలోనే మార్పిడికి ఇచ్చేశారు. పాటలు పోకుండా ఉండాలని, నెలనెలా చందా కట్టే సంగీతం యాప్ ఒకటి పెట్టి, ఆయన పాటలన్నీ అందులోకి ఎక్కించాడు. మర్నాడు కాక స్టోర్స్ కిటికీలోంచి నన్ను పిలిచి మరీ చెప్పాడు.

"ఇగ నా పాటలకు చావులేదు బిడ్డా. క్లౌడ్ల పెట్టిండట మా అల్లుడు. క్లౌడంటే మొగులే గద? మరి వాన పడితే కిందికొస్తయా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వానాకాలంలోనే సాయవ్వ చనిపోయింది. ఆమె కూతురు యాదమ్మ మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పనిచేసేది. దినాలకు ముందు ఒక మధ్యాహ్నం ఆమె స్టోర్స్ దగ్గరికి వచ్చింది. నేను ల్యాబుకు వడపోత కాగితాలు తీసుకోవడానికి వచ్చి అక్కడే ఉన్నాను.

"పటేలా, నీ ఫోన్ల మా అవ్వ ఫోటో ఉన్నది గద. జెర ఇయ్యి. ఫ్రేం కట్టిస్త" అంది యాదమ్మ. "ఆధార్ కార్డుల ఉన్నది గని, అండ్ల అవ్వ అవ్వ లెక్కనే లేదు. మసిముద్ద లెక్కున్నది. బెదిరిపోయిన కండ్లు."

"ఎందుకు లేదు! నవ్వుకుంట ఉన్నది" అన్నాడు కాక. కళ్లద్దాలు తుడుచుకుని, పాట తెరిచి, ఫోన్‌ను ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

సాయవ్వ గొంతు మొదలైంది. యాదమ్మ ముఖం ముందు విచ్చుకుని, మరుక్షణం ముడుచుకుపోయింది.

"గిదెవరు?" అంది.

కాక ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. తెర మీద ఎవరో యువకుడు. నల్లద్దాలు, వెండిరంగు జాకెట్, వెనక నీలం దీపాలు. అతని ముఖం లోంచి సాయవ్వ పాడుతోంది. చరణం చివర ఆ ఎగశ్వాస కూడా అతనిదే అన్నట్టుగా ఉంది.

కాక ఆ పాట ఆపి ఇంకోటి తెరిచాడు. బీహార్ కార్మికుడి పెళ్లిపాట మీద సముద్రం ఒడ్డున వీపు తిప్పి కూర్చున్న తెల్ల అమ్మాయి. చనిపోయిన తన అక్క పాడిన జోలపాట మీద బూడిదరంగు చదరంలో తెల్లటి సరిగమ గుర్తు. ఇంకోటి, ఇంకోటి. పనికి గంట కొడితే యాదమ్మ వెళ్లిపోయింది.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయనను పిలుచుకొచ్చాం. ఆయన కాసేపు చూసి చెప్పాడు.

"రాత్రి సింక్ అయింది కాకా. వాళ్ల దగ్గర అదే పేరుతో, అటూ ఇటుగా ఉన్న పాట ఏదుంటే దాని బొమ్మ తెచ్చి దీని మీద పెట్టేసింది. ఏదీ దొరకనిదానికి ఇట్ల ఖాళీది పెట్టింది."

"మీద పెట్టింది. మంచిదే. కింద పాతది ఉంటది గద?" అన్నాడు కాక. "గోడకు కొత్త సున్నమేస్తే కింద పాత సున్నం ఉండదా? జెర గీకితే రాదా?"

"ఉండదు కాకా. ఇది గోడ కాదు."

కంపెనీవాళ్లకు నేనే ఫోన్ చేశాను. ఆయన పక్కనే కూర్చున్నాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా హిందీలో మాట్లాడింది. మీ పాటల సమాచారం మెరుగుపడింది మేడమ్, ఇది మా ఉచిత సదుపాయం అంది. పాత బొమ్మలు వెనక్కి రావని కూడా అంతే మర్యాదగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక కాక "బాగు చేసిన్రట" అన్నాడు.

పాత ఫోన్ కోసం దుకాణానికి వెళ్లాడు. అది ఎప్పుడో బస్తాలో వేరే ఫోన్లతో కలిసి ఎటో వెళ్లిపోయింది. అందులో ఉన్నదంతా తుడిచే పంపామని, భయపడొద్దని వాళ్లు ఆయనకు ధైర్యం చెప్పారట.

దినాల రోజు నేనూ లక్డారం వెళ్లాను. సాయవ్వ ఇంటి ముందు టెంటు. కుర్చీలో ఫోటో ఉండాల్సిన చోట ఆధార్ కార్డు నుంచి పెద్దది చేయించిన బొమ్మ. పెద్దది చేసేసరికి మసి ఇంకా పెరిగింది. అది ఆడమనిషా మగమనిషా అన్నది కూడా చీరకొంగును బట్టే తెలుస్తోంది. వచ్చినవాళ్లు దండం పెట్టి, ఆ బొమ్మ వైపు రెండోసారి చూడకుండా తప్పుకుంటున్నారు.

"పాట పెట్టు పటేలా. గొంతన్న ఇననియ్యి" అన్నారు ఎవరో ముసలివాళ్లు.

కాక ఫోన్ తీశాడు. పాట పెట్టాడు. తెర మీద నల్లద్దాల యువకుడు వెలిగాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు మెడలు చాచారు. కాక చటుక్కున అరచేయి తెర మీద కప్పేశాడు. పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. మామూలుగా పాట వింటూ నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి అది. ఆ రోజు నోటికి అడ్డం ఏమీ లేదు. చరణం చరణానికీ పెదవులు వంకర్లు పోతుంటే అందరూ చూశారు.

పాట అయ్యాక యాదమ్మ లేచి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఒక్క మాట అడుగుత పటేలా. మా అవ్వ మొగం ఇన్నేండ్లు నీ జేబుల పెట్టుకున్నవు. రోజు సూస్కున్నవు. ఒక్కపారి కాయితం మీద కొట్టిచ్చి మాకియ్యాలని ఎందుకనిపియ్యలే?"

కాక తలవంచుకుని చెప్పులు వెతుక్కుంటూ టెంటు బయటికి నడిచాడు. ఒక చెప్పు దొరికింది. రెండోది దొరకక ముందే వెళ్లిపోయాడు.

ఆ తరువాత స్టోర్స్‌లో ఎవరినీ పాట అడగలేదు. గ్లౌజులు అడిగితే గ్లౌజులు ఇచ్చేవాడు. కానీ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి ముఖంలోకి అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసేవాడు. ప్యాకింగులో కొత్తగా చేరిన ఆడవాళ్లు అలా చూడటం బాగా లేదని సూపర్‌వైజర్‌కు చెప్పుకున్నారు కూడా. నేను వెళ్లి వాళ్లకు సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఒకరోజు చాయ్ బండి దగ్గర కలిశాడు. మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి పుల్లటి గాలి వీస్తోంది. కప్పు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"కండ్లు మూస్తే ఆ నల్లద్దాలోడే వస్తుండు బిడ్డా" అన్నాడు. "అవ్వను యాది చేస్త. నుదురొస్తది. జుట్టొస్తది. కండ్ల కాడికొచ్చేసరికి అద్దాలు పెట్టుకుంటది. ఫోన్లది పోయిందంటే పోయింది. నా తలకాయల ఉన్నది ఎట్ల పోయె? అదెవడు సింక్ చేసిండు?"

చాయ్ కప్పు అలాగే బండి మీద పెట్టేసి నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ సూసినవు గద ఆ ఫోటో. చెప్పు, ఎట్లుండె?"

గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. "చెయ్యి గుర్తుంది కాకా. బురదచెయ్యి. ముందుకు చాపి ఉంది" అన్నాను.

"చెయ్యి నాకు గూడ ఉన్నది" అన్నాడు.

ఆ చలికాలం ఆయన సెలవులు పెట్టి తిరగడం మొదలుపెట్టాడు. పాట ఇచ్చినవాళ్లలో అందుబాటులో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లాడు. లక్డారంలో, ఇస్నాపూర్‌లో, హత్నూర దాకా కూడా. ఈసారి ఫోటో తీసి, పటాన్‌చెరులో కాగితం మీద కొట్టించి, మళ్లీ వెళ్లి వాళ్ల చేతికే ఇచ్చేవాడు. తన దగ్గర ఒక్కటీ ఉంచుకోలేదు. "మరి నీ పాటలకో?" అని అడిగితే, వేరే ఉపాయం చేస్తున్నానన్నాడు.

ఆ ఉపాయం ఏమిటో ఒక ఆదివారం చూపించాడు. ప్రతి పాటకూ ముందు, పాడిన మనిషి ఎలా ఉంటారో తన గొంతుతో చెప్పి కలుపుతున్నాడు. ఒకటి వినిపించాడు. "గీమె పేరు బాలమణి. పొట్టి మనిషి. కుడిచెవు తమ్మె తెగి ఉంటది. మాట్లాడేటప్పుడు గదువ గోక్కుంటది" అని ఆయన గొంతు, తరువాత ఆమె పాట. ముందు నవ్వొచ్చింది. రెండోది, మూడోది విన్నాక నవ్వు రాలేదు.

"బొమ్మ మీద బొమ్మ పెట్టొచ్చు. మాటను పాటకే అంటుకట్టిన. ఇప్పుడు గుంజుకపొమ్మను" అన్నాడు. తరువాత కాస్త ఆగి, "అవ్వది నాతోని ఐతలేదు. యాదమ్మ ఇంటికి పోవాలె. నువ్వు తోడురా. నన్నొక్కన్నే సూస్తే తలుపేసుకుంటది" అన్నాడు.

వెళ్లాం. యాదమ్మ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. లోపలికి రమ్మనీ అనలేదు, బయటికి పొమ్మనీ అనలేదు. కాక చెప్పులు దూరంగా విప్పి, అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. పటేళ్ల ఇంటి మనిషి అలా కింద కూర్చోవడం చూసి పక్కింటి ముసలాయన నిలబడిపోయాడు. కాక సంగతంతా చెప్పాడు. యాదమ్మ విన్నదో లేదో తెలియలేదు. చాట ఎగురుతూనే ఉంది.

ఆయన ఫోన్ అరుగు అంచున పెట్టి రికార్డింగు నొక్కాడు.

"గీమె పేరు సాయవ్వ. నాకు అవ్వ. పెద్ద నుదురు..." అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "పెద్ద నుదురు. కండ్లు... కండ్లు..."

"పెద్ద నుదురెక్కడిది పటేలా!" అంది యాదమ్మ, బియ్యం మీద నుంచి చూపు తీయకుండా. "కొప్పు గుంజి కట్టేది. గందుకే గట్ల కనవడేది."

కాక రికార్డింగు ఆపలేదు.

"మీ ఇంటికొచ్చేటప్పుడే గట్ల గుంజి కట్టేది. నెత్తి మీద కొంగేసేది. మా అవ్వకు రెండు మొగాలుండె. పనికి పోయేటప్పుడొకటి, ఇంట్లొకటి. నువ్వు సూసింది, ఫోటో తీసింది, పోగొట్టుకున్నది మీ ఇంటి మొగం."

పక్కింటి ముసలాయన దగ్గాడు. కాక తలెత్తి యాదమ్మను చూశాడు. ఆయన కళ్లలో అవమానం కనిపిస్తుందేమో అనుకున్నాను. దాహం కనిపించింది.

"మీ ఇంటి మొగం చెప్పు యాదమ్మా" అన్నాడు.

చాట కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది.

"ఇంటికి రాంగనే కొప్పు ఇప్పేది" అంది యాదమ్మ. "ఎంటికలు దిగితే మొగం చిన్నగయ్యేది, సంటిపోరి లెక్క. ఎడమ కన్ను జెర చిన్నది. నవ్వొస్తే ముందుగాల అదే మూసుకుపోయేది. నవ్వు ఆపుకుంటున్నదంటే ముక్కుపుల్ల కదిలేది. గది సూసి మేం పట్టుకునేటోళ్లం. కింది పెదవి మీద గాటు. మా నాయిన కొట్టిన గాటు, మీ ఇంట్ల బండకు తాకిందని అందరికి చెప్పింది. కోపమొస్తే మాట్లాడకపోయేది, పండ్లు నూరేది, గదువ కాడ బుడిపె లేచేది. నాకు జొరమొస్తే నుదురు మీద నుదురు పెట్టి సూసేది. గప్పుడు మొగం కనవడకపోయేది. వాసనే. పొగాకు వాసన, పచ్చిగడ్డి వాసన."

ఆమె చెబుతున్నంతసేపూ కాక కళ్లు మూసుకునే ఉన్నాడు. చెయ్యి నోటి మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

"ఇంక చెప్పు" అన్నాడు, వేళ్ల సందుల్లోంచి.

"ఇంక చెప్తే ఏడుపొస్తది. బంద్ చెయ్యి."

ఆయన బంద్ చేయలేదు. యాదమ్మ కూడా మళ్లీ చెప్పలేదు. కొంతసేపటికి ఆమె లోపలికి చూసి, రెండు చాయ్‌లు పెట్టమని కోడలికి కేక వేసింది.

కాక ఆ రికార్డింగును పాటకు ముందు కలిపి యాదమ్మ ఫోన్‌కు, నా ఫోన్‌కు పంపాడు. నల్లద్దాలవాడు వస్తున్నాడా అని నేను తరువాత అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ ఎండాకాలమే నేను ఉద్యోగం మారాను.

ఫ్లెక్సీ చూసిన రోజు కారు పక్కకు తీసి అదే పెట్టుకుని విన్నాను. కాక గొంతు పేరు చెప్పి తడబడుతుంది. యాదమ్మ గొంతు అందుకుంటుంది. కొప్పు, ఎడమ కన్ను, ముక్కుపుల్ల, గాటు, పొగాకు వాసన. బంద్ చెయ్యి అన్న మాట తరువాత ఎవరూ మాట్లాడరు. చాటలో బియ్యం ఎగిరి పడుతున్న చప్పుడు, దూరంగా ఏదో ఫ్యాక్టరీ సైరన్, ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తరువాత సాయవ్వ పాడుతుంది.